పిక్కల సీజను

"నక్కతోక తొక్కీసినావురా కూర్మయ్యా!"
జీడితోటంతా నవ్వింది. నేనూ నవ్వాను.
మనిషిని చూస్తే పారిపోవాల్సిన నక్క
మంచులోంచి తిన్నగా ఎదురొచ్చి
పిక్కలేరుతున్న మా తమ్ముడి పిక్క పట్టింది.

సబ్బెట్టి కడుగుతానంటే కసిరాడు.
జీడినూనె పోసుకుని, చర్మం కాలితే
విషం చచ్చిందన్నాడు.
పలాసలో రెండు సూదులు.
మూడోదాని నాటికి
చెట్లకింద రాలినవి రాలినట్టే ఉన్నాయి;
చీటీ బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు.
జీడిమరకల వేళ్లతో పెట్టాను.

తొలివాన పడ్డాక, మానిన మచ్చమీద
చీమలు పాకుతున్నాయన్నాడు.
చీమల్లేవు.
ఫ్యాను గాలికి అదిరిపడ్డాడు.
నీళ్లు బాగా తాగండర్రా అని
కిడ్నీ క్యాంపులోళ్లు ఊదరగొట్టే ఉద్దానం మాది;
కొబ్బరిబొండం కొట్టిస్తే
లోపల నీళ్లు కదిలిన చప్పుడికే
వాడి గొంతు బిగిసిపోయింది.

మెదడువాపు, అన్నాడు శ్రీకాకుళం డాక్టరు.
గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది.
కాలిమీద కరిస్తే తలకెలా ఎక్కిందయ్యా?
నరం పట్టుకుని నడిచెళ్తుందట,
రోజుకింతని, తొందర లేకుండా.

అది రెండు నెలలు నడిచింది.
మాకు పలాస ఆటోలో అరగంట.

ఈ ఏడు పిక్కల గంపలో
సబ్బుముక్క వేసుకెళ్తున్నాను.
నవ్వేవాళ్లు నవ్వుతున్నారు.