చివరి తూము

దుమ్ము పడితే అతుకు చెడుతుంది.
అందుకే ఈ అక్టోబరు చలిలో
రోడ్డు పక్కన పసుపుపచ్చ డేరా వేసుకుని
మోకాళ్ల మీద పళ్లెం పెట్టుకుని
గాజు పోగుల్ని వలుస్తాను,
చిక్కుడుకాయకి ఈనె తీసినట్టు.

ఒక్కో కేబుల్లో నూట నలభై నాలుగు పోగులు.
నరికి, తుడిచి, రెండు కొసల్నీ ఎదురెదురుగా పెడితే
మెషీను ఓ చిటికెడు మెరుపు మెరిపిస్తుంది.
తర్వాత తెర మీద ఓ అంకె:
ఎంత వెలుగు పోయిందో.

బెలార్మినో రోజూ వస్తాడు.
డెబ్బై తొమ్మిదేళ్లు. ఈ లోయ కాలువకి నీరటి.
భుజాన పారతోనే డేరాలోకి తొంగి చూసి
ఒకటే ప్రశ్న: "ఎంత పోయింది, అమ్మాయ్?"
"సున్నా పాయింటు సున్నా రెండు."
"అంటే?"
"పోనట్టే."
నమ్మడు.
"మా కాలువలో సగం ఇసుకే తాగుతుంది.
తాగనివ్వాలి. దాని దాహం దానిది."

తవ్వకానికి ముందు మూడు శీతాకాలాలు మీటింగులే.
బడికి తన తీగ తనకే కావాలి.
ఆస్పత్రి రహస్యాలు ఆస్పత్రివట.
షెరీఫ్ ఆఫీసుకి ఎవరితోనూ పొత్తు పడదు.
చివరికి లైబ్రరీ కసిల్డా లేచి
తను కట్టే బిల్లు పైకి చదివింది.
ఒక్కొక్కరే తమ తమ బిల్లులు తీశారు.
ఒకే కంపెనీకి, ఒకే స్తంభాల మీది ముసలి రాగి తీగకి
అయిదుగురూ అయిదుసార్లు కడుతున్నారు.
కాసేపు హీటర్ ఒక్కటే గొణిగింది.

వెనక బెంచీలోంచి బెలార్మినో:
"ఇంటికో కాలువ తవ్వుకుంటే
లోయంతా కాలువలే. ఇక పొలమెక్కడ?"
రాజధాని నుంచి వచ్చిన ఇంజినీరు అది రాసుకున్నాడు.
తర్వాత నాలుగు కౌంటీల్లో
తన మాటగా చెప్పాడని విన్నాం.

రాళ్లకి తీర్మానాలు తెలియవు.
రెండు డ్రిల్లులు విరిగాయి.
మలుపు దగ్గర ఎముకలు బయటపడితే
ప్యూబ్లో పెద్దలు వచ్చి చాలాసేపు నిలబడి చూశారు.
మట్టి తిరిగి కప్పి దారి మార్చాం, రెండు మైళ్లు ఎక్కువ.
ఎవరూ గొణగలేదు.
గొణిగాడు, కాంట్రాక్టరు.

పియెద్రా లార్గా ఈ తీగకి చివర.
కాలువకీ చివరే.
చివరి చేలంటే ఏమిటో నాకు తెలుసు.
ఎగువ వాళ్లంతా తడుపుకున్నాక
మిగిలితే, మిగిలిందే మనది.
అర్ధరాత్రి దాటాక లాంతరు పట్టుకుని
మా నాన్న వంతు కోసం కాసేవాడు.
వచ్చేది బురద.

నిన్న లైబ్రరీ గోడకి ఆఖరి పెట్టె బిగించి కొలిచాను.
రాజధానిలో ఎంత వేగమో ఇక్కడా అంతే.
మళ్లీ కొలిచాను.
బెలార్మినో కళ్లద్దాలు తుడుచుకుని అంకె చూశాడు.
ఏమీ అనలేదు. పార కిందికి దించాడు.

ఆ సాయంత్రమే నర్సు ఫిలోమెనా
ఓ గొర్రెల కాపరి మణికట్టు ఎక్స్‌రే పంపింది.
ఇదివరకు అది వెళ్లేలోపు కాఫీ చల్లారేది.
నిన్న కప్పు ఎత్తేలోగా అటునుంచి డాక్టరు:
"విరగలేదు. బెణుకు."
కాపరి కొంచెం డీలా పడ్డాడట,
పట్నం పోయే సాకు పోయిందని.

ఒప్పందంలో రాసి ఉంది:
బడి, ఆస్పత్రి, లైబ్రరీ, కోర్టు, షెరీఫ్.
ఇళ్లు లేవు.
మా ట్రెయిలర్ రోడ్డుకి అవతల, తొంభై అడుగులు.
నా చుట్టలో అంతకన్నా ఎక్కువే మిగిలింది.
కొలిచి తిరిగి అప్పజెప్పాలి.
మా నెస్టర్ దుప్పటి కప్పుకుని
లైబ్రరీ మెట్ల మీద లెక్కలు చేస్తున్నాడు.
లోపల దీపాలన్నీ ఆరిపోయాయి.
కసిల్డా ఆ ఒక్క పెట్టె మాత్రం ఆర్పదు.

బెలార్మినో వెళ్తూ వెళ్తూ
రోడ్డు వైపు గడ్డం ఆడించి అడిగాడు:
"మరి ఇక్కడ తూము ఎప్పుడు?"
బోర్డు మార్చిలో కూర్చుంటుంది, అన్నాను.
కాలువ పూడిక తీసేదీ మార్చిలోనే.
"పార తెచ్చుకో," అన్నాడు.