పాదసూచిక నలభై ఏడు

ముప్పై ఒక్క ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో
కాటా ముందు కూర్చున్నాను.
చేపకీ ముల్లుంటుంది, కాటాకీ ముల్లుంటుంది.
ముల్లెక్కడ ఆగితే అదే రాయాలి,
పడవవాడి మొహం చూసి కాదు.
చీటీ మీద తేదీ, తూకం, గాలి దిక్కు.
ఫార్చ్యూన్ బే మొత్తంలో నా చీటీని
మళ్లీ తూయమన్నవాడు ఒక్కడే.
వాడూ తాగి ఉన్నాడు.

ఇప్పుడు మా కీపింగ్ వాళ్ల వంశచరిత్ర రాస్తున్నాను,
వంటింటి బల్ల మీద, పొయ్యికి వీపు పెట్టి.
ప్రతి వాక్యం చివరా చిన్న అంకె.
ప్రతి అంకెకీ పేజీ అడుగున జవాబు.

నలభై అయిదు: చర్చి బాప్తిస్మాల పుస్తకం, 1939 ఫిబ్రవరి.
గార్లండ్, నెల బిడ్డ. మా నాన్న.
తల్లి థర్జా. తండ్రి ఆంబ్రోజ్ కీపింగ్, చేపలవాడు.
చేవ్రాలు రాదు గనక ఇంటూ మార్కు.

నలభై ఆరు: సెయింట్ జాన్స్ క్షయ ఆసుపత్రి రిజిస్టరు.
అదే ఆంబ్రోజ్.
చేరింది 1938 ఫిబ్రవరి, వదిలింది ఆగస్టు.

వేళ్ల మీద లెక్కపెట్టాను.
టీ తాగి మళ్లీ లెక్కపెట్టాను.
ఎనభై ఏళ్లుగా ఈ రెండు కాగితాలూ
ఒకే ఊళ్లో, రెండు వీధుల దూరంలో,
ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

నోటి మాట నీటి మూట అంటారు.
సరే, నోటి నీరే ఇచ్చాను,
గొట్టంలో గీత దాకా.

ఆరు వారాలకి ఓ పేరొచ్చింది,
లూనెన్‌బర్గ్ నుంచి, ఎనభై ఏడేళ్ల మనిషి.
ఎనిమిది వందల డెబ్బై ఒక్క సెంటీమోర్గాన్లు.

దాన్నెలా రాయాలో నేర్చుకోవడానికి ఒక చలికాలం పట్టింది.
ఏ కంపెనీ, ఏ పరీక్ష,
ఎవరి ఉమ్మి, ఎవరితో కలిసింది,
ఎంత, ఎన్ని ముక్కల్లో,
నేను చూసిందే రోజు,
ఎందుకంటే వాళ్లూ కాటాని సరిచేస్తుంటారు,
ఆ అంకె రేపు మారొచ్చు.
ఇంకోటి: 871 అని కాటా చెప్పింది.
మేనత్త అని కాటా చెప్పలేదు.
ఆ తూకానికి మేనత్త వరసా తూగుతుంది,
పినతండ్రి కూతురూ తూగుతుంది.
మేనత్త అన్నది నేను.
అందుకని ఆ మాటని వేరే వాక్యంలో,
నా పూచీ మీద రాశాను.

నలభై ఎనిమిది: ఫోను సంభాషణ, మార్చి పధ్నాలుగు.
వాళ్ల నాన్న ఫ్రీమన్ స్కూనరులో వంటవాడట.
ఏటా ఏప్రిల్లో ఎర చేప కోసం మా తీరానికొచ్చేవాడట.
"వచ్చేటప్పుడు నాకు మిఠాయి తెచ్చేవాడు" అంది.
ఆ పైన చాలాసేపు ఇద్దరం
తీగలో గాలి విన్నాం.

మా నాన్నకి పుల్లబెట్టిన క్యాబేజీ అంటే ప్రాణం.
మా కోవ్‌లో ఇంకెవరూ ముట్టరు.
దీనికి పాదసూచిక పెట్టలేదు.
అది ఆధారం కాదు.

"నా పేరు వెయ్యకు" అంది ఆమె.
"మా అమ్మ స్నేహితురాలొకామె ఇంకా బతికుంది.
నేను పోయాక రాసుకో.
రాస్తే సరిగా రాయి, సీ, కే రెండూ ఉంటాయి."
నాలుగేళ్లు నలభై ఏడులో ఇలాగే ఉంది:
జీవించి ఉన్న వ్యక్తి, పేరు గోప్యం.

మా పెదనాన్న కూతురు ఎల్ఫ్రీడా అంటుంది,
నలభై అయిదు అబద్ధమని తేలిందిగా, కొట్టెయ్యమని.
కొట్టెయ్యను.
జాలరి తిథులు లెక్కపెట్టలేడా?
పోటూ పాటూ నిమిషాలతో చెప్పే మనిషి
పాదిరి ముందు కలం పట్టుకుని
రెండు గీతలు గీశాడు.
ఆ పుస్తకం ఏం చెబుతోందో నేను సరిగ్గా చదవాలి, అంతే.

నిన్న టపాలో నల్ల అంచు కార్డు వచ్చింది.

ఈ పొద్దున కంప్యూటర్ తెరిచాను.
జాబితాలో ఆమె ఇంకా అక్కడే ఉంది, నా పేరు కింద,
871, తగ్గలేదు పెరగలేదు.
చివరిసారి వచ్చింది మే నెల అని చూపిస్తోంది.

పేరు గోప్యం అన్న మాటలు చెరిపాను.
వెస్టా జింక్.
సీ ఉంది. కే ఉంది.
చూసిన తేదీ: నవంబరు తొమ్మిది.
గాలి వాయవ్యం.
అది రాయక్కర్లేదు. రాశాను.