బట్టీ పొయ్యి, కాలువ నీళ్లు

మధ్యాన్నం టీ తాగేటప్పుడు
మాబున్ని కొడుకు ఫోన్‌లో చూపించె:
యాడిదో సముద్రం, ఒడ్డున చెక్కగది,
లోపల పొయ్యి, దాని మీద కాగిన రాళ్లు.
బనీన్లు గూడా లేకుండా వరసగా కూర్చోని
పనేం లేకుండానే చెమట కారుస్తాండారు జనం.
తర్వాత తలుపు దీసుకోని, కేకలేసుకుంటా
మంచుగడ్డలాంటి నీళ్లల్లోకి దూకుడు.
"దీనికి టికెట్టంట మే, గంటకు రెండువేలు!"

నవ్వితిమి.
నవ్వి నవ్వి సుంకులమ్మకు పొరబోయి
టీ ముక్కుల్లోకొచ్చె.
ఇరవై రెండేండ్లాయ, బుధవారపేటలో ఈ రేకుల కింద
బుడ్డల పొట్టు మంటకు మొగం పెట్టి
మంగలంలో ఇసుక తిప్పబట్టి.
ఆ లెక్కన సేటుకు నేనెంత బాకీ!

గుప్పెడు బియ్యం వేస్తే
ఇసుక ఒక్క ఊపిరి తీసినంత సేపే,
తెల్లగా, అన్నీ ఒకేసారి, బొరుగులు.
గింజకు ఆ కాక ఒక్కసారే.
మాకు పొద్దు పొడిచినప్పట్నుంచి.
నా కనుబొమలు కాలి, మల్లా మొలిచి, మల్లా కాలినాయి.
సముద్రమా,
అది మా కాడికి బస్తాల్లో వస్తాది, ఉప్పయి.
బియ్యానికి పట్టిస్తాం.
మిగిలింది సాయంత్రానికి
మా జాకెట్ల ఈపుల మీద తెల్లగా గీతలు గీస్తాది.

"అయితే మనకు తక్కువైంది
దూకేదొక్కటే" అనె మద్దమ్మ, గ్లాసు కడుగుతా.
ఈసారి ఎవరూ నవ్వలే.

మార్గశిరం చలి. నాలుగ్గంటలకు పొయ్యి ముట్టించి
ఒక వాయి దించి, చీరలు బిగగట్టి
నలుగురం పోతిమి కేసీ కాలువ కాడికి.
సుంకేసుల నుంచి ఇడిసిన నీళ్లు
గట్టు నిండా పారుతాండాయి, నల్లగా, గమ్మున.
అవతల రోడ్డు మీద లారీ లైట్లు
దూదిలో చుట్టిన దీపాల మాదిరి.

నాకు నీళ్లంటే బయం. చెప్పలే ఎవరికీ.
వరదొచ్చిన యేడు తుంగభద్ర
రాత్రికి రాత్రి మా సందులోకొచ్చె.
పొయ్యి ఆర్పె. మూటలు మూటలు బొరుగులు
తెప్పల మాదిరి బజారెంబడి తేలిపోయె.
మూడ్రోజులు మిద్దె మీద కూర్చుంటిని
కింద అన్ని నీళ్లు చూసుకుంటా,
తాగను చుక్క లేక.
అప్పుడు అది నన్నేం అడగలే.
ఇప్పుడు నేనే దాని కాడికొచ్చి
మెట్టు మీద నిలబడిండా,
ఒంట్లో ఇంకా పొయ్యి మండుతానే ఉంది.

మాబున్ని ముందు దూకె. బిస్మిల్లా అని సగమే అనింది,
మిగతా సగం నీళ్లల్లో.
నేను ముక్కు మూసుకుంటిని.

ఏం చెప్పాల.
కాలిన కొడవల్ని కొలిమి పక్కన తొట్లో ముంచితే
సుయ్యిమంటాదే, ఆ చప్పుడు
నా ఎముకల్లోంచి వచ్చె.
ఊపిరి యాడికో పోయి
అంగడికి పంపిన పిల్లోని మాదిరి
తీరిగ్గా తిరిగొచ్చె.
అరికాళ్లు, మోకాళ్లు, నడుము,
ఎప్పుడో మర్చిపోయిన నా ఎడం భుజం,
ఒకటొకటే "ఉండా", "ఉండా" అనె,
బడిలో పేర్లు పిల్సినట్ల.
పైన ఇంకా చుక్కలుండె.
నేను అరిసినానంట. నాకు ఇనపళ్లే.

వాకింగుకొచ్చిన సారొకాయన, మంకీ క్యాపు,
గట్టెంబడి పరిగెత్తుకుంటా వచ్చె,
"అమ్మా, వద్దమ్మా! ఏ కష్టమొచ్చినా..."
"కష్టం యాడిది సారూ," మద్దమ్మ పళ్లు కటకటలాడిస్తా,
"మేం స్నానానికొచ్చినాం. టికెట్టు లేదు, నువ్వూ దిగు."
పాపం, క్యాపు సర్దుకోని పాయ.

తడి చీరలతో వస్తే సేటు వాకిట్లోనే ఉండాడు.
"అర్ధగంట కోస్తా."
కోసుకోమంటిమి.
పొయ్యి ముందర నిలబడితే
నలుగురి ఒంట్లోంచీ ఆవిరి లేచె.
సుంకులమ్మ జడలో ఇరుక్కున్న బొరుగొకటి
కాలువ నీళ్లు తాగి మెత్తబడిండె.
తీసి నోట్లో వేసుకోని
కాసేపు నములుతా ఉండె.
"ఉప్పు సరిపోయిందిలే మే," అని
జల్లెడ అందుకునె.