తెల్లపోగు

గేటుకి లాకౌట్ బోర్డు కట్టిన మూడోనాడు
స్పిన్నింగ్ మాస్టర్ బిశ్వాస్ బాబు
హౌరా రైలెక్కుతూ
నా చేతిలో పెట్టి పోయేడు దీన్ని.
మూరెడు లేని పైన్ చెట్టు.
ముప్ఫై ఏళ్ళదట.
మా పెద్దపిల్లకన్నా వయసుది,
నా చంకలో ఇమిడిపోయింది.

ఆయనకొచ్చిన తెలుగులో ఒక్క మాటే చెప్పేడు:
"జాలి వస్తే నీళ్ళు పొయ్యొద్దు."

నెల్లిమర్లలో మే నెల.
రేకుల కప్పు కింద మనిషే గంజిలా మరుగుతున్నప్పుడు
కుండీ ఇరుకైపోయిందని
మట్టి రాయి కట్టేసిందని
నాకే తోచింది. ఎవర్నీ అడగలేదు.

పీట వేసుకుని కూచుని
కుళాయి కింద, చేపని తోమినట్టు
తోమేను వేళ్ళని.
సందుల్లో తెల్లగా బూజు.
నానబెట్టిన పీచులా, సాలెగూడులా,
వాన వెలిసాక పుట్టగొడుగు వాసన.
తెగులనుకున్నాను.
గోటితో గీకేను, పాత బ్రష్షుతో రుద్దేను,
నీళ్ళు తేటపడేదాకా వదల్లేదు.
తలంటిన పిల్లలా ఉందనుకున్నాను.
కొత్త కుండీ. గత్తం కలిపిన నల్లమట్టి.
పైన రెండు చెంబుల నీళ్ళు.

తొమ్మిదోనాటికి
సూదుల కొసలు డికాషన్ రంగు.
ఆ పై వారం
కొంగు తగిలితే చాలు, రాలిపోతున్నాయి
చప్పుడు లేకుండా, గుప్పెడేసి.
జాలేసింది. నీళ్ళు పోసేను.
ఇంకా జాలేసింది.
ఇంకా పోసేను.

విజయనగరం బస్సులో ఒళ్ళో కుండీ.
కండక్టరు దానికీ టికెట్టు కొట్టేడు.
కోట అవతల మొక్కలమ్మే సన్యాసప్పడు
మట్టి చిటికెడు తీసి వాసన చూసేడు,
నా మొహం చూసేడు.
"ఏటమ్మా ఇలగ సేసినావు?
అది తెగులు కాదు, సెట్టుకి సుట్టం.
ఏరు అందుకోలేని సోటికి అదెళ్ళి
నీళ్ళట్టుకొస్తాది.
సుట్టాన్ని తరిమీసి, సెట్టుకి కూడెడతానంటే
తింటాదేటి?"

గోరు ఆనించి బెరడు గీకేడు.
కింద ఆవగింజంత పచ్చ.
"పేనం ఉందిలే.
పాత మట్టి ఏడ పారబోసినావు?"

పాత మట్టి!
పక్కింటి గౌరీసు ఎత్తుకుపోయి
మేక గుంజ మొదట్లో తొక్కేసేడు,
వానకి గుంజ కదలకుండా.
గునపం ఇవ్వమంటే నవ్వేడు.
పెంటికల మధ్య, మోకాళ్ళ మీద, తవ్వేను.
పై మట్టి అంతా ఎండి పొడి.
గుంజని ఆనుకున్న చోట మాత్రం
పిడికిలంత ముద్ద, చల్లగా.
విప్పితే
లోపల తెల్లపోగులు.

పందొమ్మిదేళ్ళు నేను
వైండింగులో తెగిన పోగుని ముడేసేను.
మిషను రొదలో, కరెంటు పోయిన చీకట్లో,
వేలికొసతో చెప్పేదాన్ని
ఎక్కడ తెగిందో.
ముద్ద పట్టుకుని అక్కడే కూచుండిపోయాను.
మేక నా కొంగు నములుతోంది.
నములుకోనీ అనిపించింది.

చంపావతి ముతక ఇసుక, మూడుసార్లు జల్లించి.
గత్తం లేదు, బలం మందు లేదు.
వేళ్ళకి ఆ ముద్ద చిదిపి అంటించి
గాలికి ఊగకుండా కుండీకి తీగతో కట్టి
ఉత్తరపు గోడ నీడలో పెట్టేను.
చుట్టూ తడి గోనె.
మా మిల్లుదే, అచ్చు ఇంకా చెరగలేదు.

మట్టిలో ఒక చీపురుపుల్ల గుచ్చి ఉంచేను.
పొద్దున్నా సాయంత్రం అది లాగి
బుగ్గకి ఆనించుకుంటాను.
చల్లగా ఉంటే, వద్దు.
పిల్లలు చూసి
అమ్మకి మతి పోయిందన్నారు.
పనికెళ్ళని మనిషిని ఏమైనా అనొచ్చు.

గేటుకి తాళం పడి ఇది రెండో భాద్రపదం.
ఎడమ కొమ్మ పోయింది.
కొయ్యలేదు, అలాగే ఉంచేను.
నడి కొమ్మ కొసన మాత్రం
తెల్లటి మొలక ఒకటి, అగ్గిపుల్ల తలంత,
ముట్టుకోబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇవాళ మళ్ళీ ఎండ దంచింది.
సాయంత్రానికి చెట్టు
అలిసిన మనిషిలా కనిపించింది.
చెంబు నిండా నీళ్ళు తెచ్చేను.
పుల్ల లాగి బుగ్గకి ఆనించుకున్నాను.
చల్లగా ఉంది.

ఆ నీళ్ళు
గౌరీసు మేకకి పోసేను.