ఐదు లీటర్ల క్యాను

గుడిపాల బస్సు దిగి వచ్చింది చెంగమ్మ.
చీరలంగడి సంచిలో తెల్ల క్యాను,
దానికి చుట్టిన పాత తువ్వాలు.
దారిలో కండక్టరు అడిగినాడంట,
‘ఏమ్మా, నూనా?’ అని.
‘అవునబ్బా, నూనే’ అనేసి
చిత్తూరు దాకా
కాళ్ల మధ్య బిగించుకునే కూర్చుందంట.

ఒక పగలు, ఒక రాత్రి.
కొలజాడీలో పోసి చూసినాను:
ఆరువందల ఎనభై మిల్లీలీటర్లు.
కాగి కాగి అడుగంటిన డికాక్షను రంగు.
‘మధ్యలో పారబోసినావా?’ అంటే
‘లేదు సార్, గంగమ్మ తోడు, ఇంతే’ అంది.

ఇంతలోనే అందరూ ఇరుక్కోవాల.
రాగిసంగటితో వచ్చిన కాల్షియం,
ఉప్పుమిరపకాయ వెంటబెట్టుకొచ్చిన కాల్షియం,
ఊరిబిండిలో చెనిక్కాయలది,
పుల్లగూరది, ఆగ్జలేటు.
వీళ్లలో దొంగలెవరూ లేరు.
నీళ్లు నిండుగా ఉండుంటే
సంతలో మనుషుల మాదిరి
ఒకరి భుజం ఒకరు తాకకుండా వెళ్లిపోయేవాళ్లే.
ఇరుకులో ఆనుకున్నారు.
ఆనుకున్నచోటే గట్టిపడినారు.

మధ్యలో నిలబడాల్సింది సిట్రేటు.
కాల్షియం చెయ్యి పట్టుకుని
‘రా, బయటికి పోదాం’ అని నడిపించుకుపోయేది అదే.
మెగ్నీషియం ఉంటే
ఆగ్జలేటును కాసేపు మాటల్లో పెట్టుండేది.
మూడువందల ఇరవై దాటాల్సిన చోట
చెంగమ్మ సిట్రేటు తొంభై.
మళ్లీ చేసినాను. తొంభై ఒకటి.

అప్పుడే పట్టిచ్చిన చిన్న సీసాలోది
ఒక చుక్క గాజుపలక మీద పెట్టి చూస్తే
అంటించిన కవర్లు, బుల్లి బుల్లివి,
ఒక్కోదాని వీపున ఇంటూ గుర్తు.
ఇవే ఒకదాని మీద ఒకటి పేరుకుని
మొన్న అర్ధరాత్రి ఆమెను
గచ్చు మీద పొర్లించినవి.

‘ఏం పని చేస్తావమ్మా?’
‘మామిడిగుజ్జు ఫ్యాక్టరీ సార్. తోతాపురి సీజను గదా.’
‘అందులో నువ్వేం చేస్తావు?’
‘తెల్లగా చక్కెర మాదిరి ఉంటాది సార్, నిమ్మ ఉప్పు.
గుజ్జు చెడిపోకుండా
బకెట్లతో మోసి పోస్తా.’

నా పెన్ను ఆగింది.
రోజంతా బస్తాలు విప్పే చేతులు,
గోళ్ల సందుల్లో ఇంకా ఆ పులుపు.

‘మరి నీళ్లు తాగవా?’
నా ముఖంలోకి చూసింది,
చిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్పింది:
‘తాగితే పోవాల గదా సార్.
మగోళ్లకు గోడుంది.
మా నలభైమందికి ఒకటే గది,
బీగం సూపర్‌వైజరు జేబులో.
షిఫ్టుకు ఒకసారి అడగొచ్చు.
రెండోసారి అడిగితే
ఏం తిన్నావు, ఏం తాగినావని
అందరి ముందరా నవ్వుతాడు.
పొద్దున ఒక గ్లాసు,
ఆ పైన నోరు తడుపుకునేదే.’

రిపోర్టులో గడులున్నాయి:
కాల్షియం, ఆగ్జలేటు, సోడియం,
యూరిక్ ఆమ్లం, పులుపెంతో చెప్పే అంకె.
అన్నీ నింపినాను.

‘డాక్టరు ఏం రాస్తాడు సార్?’
‘రోజుకు మూడు లీటర్ల నీళ్లు. నిమ్మకాయ నీళ్లు కూడా.’
చెంగమ్మ నవ్వింది. మొదటిసారి.
‘అట్లయితే ఆ చీటీలోనే
బీగం కూడా రాసియ్యమని చెప్పు సార్.’

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని
బస్సుకు పోయింది.
నేను పరిమాణం గడిలో 680 అని దిద్ది,
పక్కన, ఏమీ రాయగూడని చోట,
పెన్సిలుతో
‘బీగం’ అని రాసినాను.
డాక్టరు అడిగితే
అప్పుడు చెప్తా.