పిండి సంచి

ఆ ఏడు బడి లేదు.
నా తొమ్మిదో తరగతి మరాఠీ పుస్తకం
దూలం సందుల ఎలుకలు చదివినయి.
వాడకట్టుకు నేనే పోస్టాఫీసు.
ఎవల ఫోన్ల టింగుమన్నా
నా దగ్గరికే పట్టుకచ్చేటోళ్లు.

మేం యూరియాను పిండి అంటం.
పొలం తినే పిండి.
ప్రాణహిత వంతెనకు కట్టెలు అడ్డంబెట్టి
పోలీసులు కూసున్నరు.
అవుతలోళ్ల ట్రాక్టర్ చప్పుడు ఇనస్తనే ఉంది.
మన సంచి మాత్రం
గడ్చిరోలి నుంచి రావాలె,
రెండు వందల కిలోమీటర్లు,
అడివంతా గుంతలు.

నాటేసి ఇరవై రోజులు దాటింది.
మొండక్క సిరోంచ పోయి
ముక్కావార్ సేటు దుకాండం ముందు
సున్నంతోని గీసిన గుండ్రంల నిలవడ్డది.
ఒకలనొకలు ముట్టుకోవద్దని మైకుల చెప్తున్నరు,
మిషిన్‌ను మాత్రం అందరు ముట్టుకోవాలె.
పిలగాడు చేతుల మీద మందు పోసిండు.
తడి వేలును మిషిన్ గుర్తువట్టలే.
కొంగుకు తుడిచింది. గుర్తువట్టలే.
కైకిలికి పోయి ఊరందరి నారు గుచ్చిన వేలు,
గీతలన్నీ ఏ మడిల ఇడిసచ్చిందో.
ఆఖరికి ఎడమ చిటికెనవేలు ఒప్పుకున్నది.
"రెండు సంచులు రాసుకున్న,
లారీ అస్తే కబురు చేస్తా" అన్నడు సేటు.

పొద్దుగూకంగ టింగుమన్నది.
నేను చదివిన:
మీరు నాలుగు సంచులు కొన్నారు.
సర్కారు మీ తరఫున ఇంత కట్టింది.
ధన్యవాదాలు.

"ఎంత?" అన్నది. చెప్పిన.
ఇంకోసారి చదవమన్నది ఆ అంకెను.
"నా పేరు మంచిగ రాసిండ్రా?"
రాసిండ్రు, ఇంటిపేరుతోని సహా.
"మరి సంచులు?"
కిందికి జరిపి జరిపి చూసిన.
ధన్యవాదాల కింద ఏం లేదు.

లారీ రాలే.
అమాస రాత్రి పడవల ఒక్క సంచి అచ్చింది,
అవుతలి ఒడ్డుది.
దాని మీది ధర రెండొందల అరవై ఆరున్నర.
మొండక్క ముక్కుపోగు ఎక్కడ పెట్టిందో గాని
ఐదొందల యాభై లెక్కబెట్టింది.

రెండెకరాలకు ఒక్క సంచి.
పిడికిళ్లతోని కాదు, మూడేళ్లతోని చల్లింది,
కూరల ఉప్పేసినట్టు.

పదిరోజులకు ఒడ్డెక్కి చూస్తే
పచ్చటి చారలు, నడుమ పసుపు చారలు.
చెయ్యి ఆడినకాడ ఒకతీరు,
ఆగి ఆలోచించినకాడ ఒకతీరు.
మిషిన్‌కు దొరకని గీతలు
మడి నిండా ఉన్నయి.
అలవాటు కొద్ది అవి కూడ చదవబోయిన.

"అవి నాకస్తయి తియ్"
అన్నది మొండక్క,
కలుపుకు వంగుకుంట.