పదమూడో రోజు

ట్రియెస్టే రేవులో పొద్దున్నించీ బోరా గాలి.
ఆఫీసు కిటికీలు గజగజ.
కాఫీ బస్తాల లెక్కలకంటే ముందు
నేవియా తెరిచేది
లోపలికి రానివ్వని మెయిళ్ల జాబితా.

నలభై ఒకటి.
లాటరీ తగిలిందట. పార్సిల్ ఆగిపోయిందట.
బ్యాంకు పేరులో ఒక అక్షరం బదులు సున్నా,
పాలల్లో నీళ్లలా, వేలు ముంచితే గాని తెలీదు.
లింకేదైనా
ఎక్కడో ఓ యంత్రం ముందు నొక్కి చూస్తుంది,
రాజుగారి కంచంలో తొలిముద్ద తినేవాడిలా.
వాడు పడిపోతే మనకు ఎర్రతెర.

ఈ రేవులోనే ఒకప్పుడు
ఓడ దిగిన ఉత్తరాలకు గాటు పెట్టి
పొగ పట్టించేవాళ్లట.
ప్రేమలేఖలు కూడా వెనిగర్ కంపు కొట్టేవేమో.

ముప్పై ఏడో వరుస. అన్నీ క్యాపిటల్ అక్షరాలే.
"అర్జెంటు. నీకు డబ్బివ్వాలి. ఇది నొక్కు."
అనుమానం పదికి తొమ్మిది.
పద్నాలుగు రోజులు ఉంచి చెరిపేస్తారు,
ఇవాళ పదమూడు.

పంపింది దుయీలియో అని ఉంది.
గోదాములో ముప్పై ఏళ్లు బస్తాలు తూచిన మనిషి,
కళ్లకు శుక్లాలు.
పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు.

విడుదల బటన్ మీంచి చెయ్యి తీసి
ఫోను అందుకుంది.
"రాసింది నువ్వేనా?"
"మరెవరు? ఆ రోజు సార్డీన్లకి నువ్వు కట్టావే, పద్దెనిమిది యూరోలు.
ఇలా పంపొచ్చని మనవరాలు చూపించింది.
పెద్దగా రాస్తేనే నాకు కనిపిస్తుంది.
జవాబు లేదు.
కోపమొచ్చిందనుకున్నాను."

అప్పుడు నొక్కింది.

మిగిలిన నలభై
ఒక్క క్లిక్కుతో పోతాయి, రోజూ అంతే.
ఇవాళ కాఫీ చల్లారేదాకా
ఒక్కొక్కటే చదివింది,
లాటరీదాంతో సహా.